శనివారానికో కొండ

కాదు డారిల్, గడపలో నిలబడి అలా పైనుంచి మాట్లాడితే నాకు మెడ పట్టేస్తుంది. టోపీ తీసి లోపలికి రా నాయనా. డిప్యూటీ షెరీఫ్‌వి అయితే అయ్యావు గానీ, ఆదివారం బడిలో నా ముందు కూర్చుని గొర్రెపిల్ల బొమ్మకి ఊదారంగు పూసినవాడివేగా నువ్వు. అప్పుడూ ఇలాగే నిలబడేవాడివి, తప్పు నీదో పక్కవాడిదో తేలకముందే.

కూర్చో. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది. ఇందులో కూర్చో.

ఏమంటావూ, ఫిర్యాదు వచ్చిందా? శనివారం వెర్లీన్ కొండ దగ్గర, అంటే నా కొండ దగ్గరే, మెషిన్ గన్‌లు కాలుస్తారట, ఆపించండి అని ఎవరో ఆడమనిషి ఫోను చేసిందా? పేరు డోవీ అని చెప్పిందా? ఇంటిపేరు చెప్పకుండానే పెట్టేసిందా? అలాగా. ఎలాంటి మనుషులుంటారో చూడు. సరే, ముందు ఈ కేకు ముక్క తిను. ఎండు యాపిల్ ముద్ద పొరపొరకీ పూసి నిన్నే చేశాను. నువ్వు తినే లోపల ఆ ఫిర్యాదు ఎక్కడికీ పారిపోదు.

బయట ఆవు అరుస్తోందిలే, దాన్ని పట్టించుకోకు.

అయితే ఆ ఫిర్యాదు నిలబడితే శనివారం జరగదన్నమాట. జడ్జి గారు విచారించేదాకా ఆపాలి. ఆయనేమో చేపలు పట్టడానికి పోయి కూర్చున్నారు, వచ్చే వారానికి గానీ రారు. అంటే ఈ ఏటికి లేనట్టే. ఈ ఏడు లేకపోతే వచ్చే ఏడు ఎవరొస్తారు? వాళ్ళంతా పెద్దవాళ్ళైపోయారు, ఒకసారి అలవాటు తప్పితే మళ్ళీ కలవరు.

ఊఁ. చూడు నాయనా, నీకు మొదట్నుంచీ చెప్తాను. విన్నాక నువ్వు రాసుకునేది రాసుకో.

మా మరిది ఆర్విల్ సంగతి నీకు తెలుసు. ఆకులు ఎర్రబడే వేళకి ఏటా వాళ్ళ జట్టంతా కలుస్తుంది. పాత యుద్ధాల నాటి మెషిన్ గన్‌లు పట్టుకొస్తారు. చట్టం ఒప్పుకున్నవే, నాకంటే నీకే బాగా తెలుసు. ఒక్కో తుపాకీ ఎవరిదో వాషింగ్టన్‌లో సర్కారు పుస్తకాల్లో రాసి ఉంటుందట. మన చర్చి పుస్తకంలో పిల్లల పేర్లు కూడా అంత శ్రద్ధగా రాయం. అందరూ కలిసి పాత ఫ్రిజ్జులూ, తుప్పు పట్టిన కార్లూ కొండ వాలున పేర్చి తూట్లు తూట్లు చేస్తారు. తర్వాత చిక్కుడు గింజల పులుసూ, మొక్కజొన్న రొట్టే తిని, ఒకళ్ళ మోకాళ్ళ నొప్పులు ఒకళ్ళకి చెప్పుకుని ఇళ్ళకి పోతారు. అంతే. వాళ్ళలో రౌడీలెవరూ లేరు. ఒకాయన పళ్ళ డాక్టరు. లూథరేమో చెవి మిషన్లు అమ్ముతాడు. ఆయన వ్యాపారమంతా అక్కడే.

ఇన్నేళ్ళూ పాత బొగ్గు గని గుంటలో జరిగేది. గని వాళ్ళు ఆ నేల అమ్మేశారు. ఇప్పుడక్కడ సోలార్ పలకలు పరిచారు, కొండంతా అద్దం పెట్టుకున్నట్టుంది. పాపం ఆర్విల్ వెళ్ళి కంచె పట్టుకుని చూసొచ్చాడు. వచ్చి నా వంటింట్లో, ఇదిగో నువ్వు కూర్చున్న చోటే కూర్చుని, "వదినా, ఇల్లు పోయినట్టుంది" అన్నాడు. నేనేమన్నానంటే, "నాలుగు ఫ్రిజ్జులు పగలగొట్టడానికి చోటు దొరక్కపోతుందా, పద వెతుకుదాం" అన్నాను. నేను నోరు జారేది ఇలాంటప్పుడే.

మొదట రాతి క్వారీకి పోయాం. ఆ ఆసామి సంతోషంగా ఒప్పుకున్నాడు. నాకైతే అదే మంచి చోటనిపించింది, గోడలాగా నిటారుగా ఉంది. ఆర్విల్ దాని ముందు నిలబడి చాలాసేపు చూశాడు. "కుదరదు వదినా. మట్టయితే గుండుని కడుపులో దాచుకుంటుంది. రాయి దాచుకోదు, ఎవరిది వాళ్ళకి తిరిగిచ్చేస్తుంది" అన్నాడు. అక్కడ్నుంచి వచ్చేశాం.

తర్వాత హ్యూబర్ట్ కాడిల్ దగ్గరికి. వాళ్ళ వెనక లోయలో మట్టి దిబ్బ ఉంది, చక్కటి దిబ్బ. కానీ లోయ మొదట్లో టర్కీ కోళ్ళ షెడ్లు. ఉరిమితేనే అవన్నీ బెదిరి ఓ మూలకి పోయి ఒకదాని మీద ఒకటి ఎక్కి ఊపిరాడక చస్తాయట. ఇంటింటా టర్కీ వండుకునే థాంక్స్‌గివింగ్ పండగ ముంగిట్లో ఉంది. హ్యూబర్ట్ పాపం మొహమాటానికి "పర్లేదులే" అంటున్నాడు. వాళ్ళావిడ చీపురు పట్టుకుని గుమ్మంలోకొచ్చింది. ఊరికే మా బండి టైర్ల చుట్టూ ఊడవడం మొదలుపెట్టింది. మాకు అర్థమైంది.

కార్ల పందేల మైదానం చూశాం, అక్కడ కొండే లేదు, మైదానం దాటితే ముసలివాళ్ళ ఆశ్రమం. ఆర్విల్ బండి కూడా దిగలేదు.

ఇక పిల్లల బైబిల్ శిబిరం వాళ్ళు. వాళ్ళ కమిటీతో నేనే మాట్లాడాను, నా మాట కాదనరని. ఎంత మర్యాదగా ఒప్పుకున్నారనుకున్నావ్. కొన్ని షరతులు మాత్రం అన్నారు. పొగాకు వద్దు. బూతులు వద్దు. భోజనానికి ముందు ప్రార్థన ఉండాలి. అన్నిటికీ సరే సరే అంటూ తలూపుతున్నాను. ఆఖర్న "ఆవరణలోకి తుపాకులు తేకూడదు" అన్నారు.

నవ్వుతున్నావా? నవ్వు నవ్వు. ఆ రోజు నాకు నవ్వు రాలేదు.

మొన్న ఆదివారం చర్చి భోజనాల దగ్గర మళ్ళీ ఇదే మాట. ఆర్విల్ బల్ల చివర కూర్చుని ఎవరికో చెప్తున్నాడు, ఎలాంటి చోటు కావాలో. మెత్తటి మట్టి కొండ. వెనకాల ఇళ్ళూ రోడ్డూ ఏమీ లేని అడవి. ముందు బండ్లు నిలపడానికి పచ్చిక. ఇరుగూ పొరుగూ గొడవపెట్టని చోటు. అంతే, బల్ల చుట్టూ ఒక్కో తలా నావైపు తిరిగింది, పొద్దుతిరుగుడు పూలలాగా. నేను గిన్నెలోకి చూస్తూ గింజలు కలుపుతున్నాను. అప్పటిదాకా అన్ని చోట్లకీ నన్ను తిప్పినా నా కొండ మాట ఎత్తలేదు ఆర్విల్. మంచివాడు. అడగడు.

అడగలేదు డారిల్. అదే కష్టం. అడిగుంటే కాదని ఉండేదాన్ని.

నా చేతిలో గరిటె ఉంది, ఎదురుగా చర్చి మొత్తం ఉంది. నలుగురు నావైపు చూస్తే నేనేమైపోతానో నీకు తెలుసుగా. గరిటె పైకెత్తి, "దేవుడు నాకో కొండ ఇచ్చింది నేనొక్కదాన్నే కూర్చుని చూసుకోడానికి కాదు" అన్నాను. అబ్బ, ఎంత బాగా అన్నానో. చప్పట్లు. పాస్టరు గారు ఆమెన్ అన్నారు. ఆర్విల్ వచ్చి వాటేసుకున్నాడు, గింజల పులుసంతా అతని తెల్ల చొక్కా మీద. అందరూ ఫోన్లు తీసి ఎక్కడెక్కడి వాళ్ళకో చెప్పడం మొదలుపెట్టారు, చోటు దొరికింది, శనివారం బయల్దేరండి అని.

ఇంటికొచ్చి ఆ గిన్నె కడుగుతుంటే అప్పుడు తగిలింది నాకు.

కొండ కింద వాగు మలుపులో నీళ్ళు నిలిచే మడుగుంది చూడు, అదే, నీకు బాప్తిస్మం ఇచ్చిన చోటు. నీళ్ళు చల్లగా ఉన్నాయని పాస్టరు గారి టై పట్టుకు లాగావు, గుర్తుందా? ఆ ఒడ్డున మా ఆయన ఎమ్మెట్ మడత కుర్చీ ఉంటుంది. ఆయన పోయినప్పట్నుంచీ సాయంత్రం పూట అక్కడికెళ్ళి కూర్చుంటాను. ప్రార్థన అంటాను అందరితో. ప్రార్థనే అనుకో. కానీ మాటలుండవు. పొద్దున లేచింది మొదలు వాగుతూనే ఉంటాను కదా, ఆవుతో, పొయ్యితో, రేడియోలో మాట్లాడేవాడితో. ఈ కౌంటీ మొత్తం మీద నేను నోరు మూసుకునే చోటు అదొక్కటే. అక్కడ కూర్చుంటే పైవాడు బదులిస్తాడని కాదు. వింటున్నట్టుంటుంది. ఎమ్మెట్ కూడా ఆ పక్కనే ఉండి వింటున్నట్టుంటుంది.

అలాంటి చోట మెషిన్ గన్‌లు. ఆ చప్పుడుకి బెదిరి అదంతా ఎటో పోతే? మళ్ళీ రాకపోతే? ఎవరికి చెప్పుకోను? గరిటె ఎత్తి చెప్పినదాన్ని, దించి ఎలా చెప్పను?

ఇంకో ముక్క తిను. తింటావు, నాకు తెలుసు.

నిన్న ఆర్విల్ వచ్చాడు, కొండ మట్టి ఎలా ఉందో ఓ తూటాల పట్టీ కాల్చి చూద్దామని. వెంట ఆ పళ్ళ డాక్టరు, చెవుల లూథరు. వాళ్ళ పద్ధతి చూడాలి నువ్వు. పాలపళ్ళు ఊడదీసినంత జాగ్రత్త. ముందు కొండంతా నడిచి చూసొచ్చారు, ఎవరూ లేరని. ఆ తర్వాత ఎర్ర జెండా. జెండా పైకి లేస్తేనే కాల్చాలి. కిందికి దిగితే ఎవరైనా సరే తుపాకీ వదిలేసి గీత వెనక్కి రావాలి. మళ్ళీ జెండా లేచేదాకా తుపాకీ మీద చెయ్యి వెయ్యకూడదు. పోయినేటి దాకా ఆ జెండా పట్టింది ఎమ్మెట్. నిన్న పట్టేవాళ్ళు లేక ఆర్విల్ తనే ఓ చేత్తో ఎత్తి, నేలలో గుచ్చి, వెళ్ళి కూర్చుని కాల్చాడు.

ఏం చెప్పను. రేకుల కప్పు మీద వడగళ్ళు పడతాయే, అలా ఉంది, కాకపోతే ఆ కప్పు నా పక్కటెముకలు. చెవులకి చప్పుడు ఆపే డిప్పలు పెట్టుకున్నా గుండెల్లోకొచ్చింది. కళ్ళు మూసుకుని ఎమ్మెట్ కుర్చీ గట్టిగా పట్టుకున్నాను, అదెక్కడికో ఎగిరిపోతున్నట్టు.

ఆ తర్వాత ఆర్విల్ జెండా పీకి కింద పెట్టి, "చల్లారింది" అని కేకేశాడు. వాళ్ళ మాట అది, ఆగిపోయిందని.

డిప్పలు తీశాను.

డారిల్, అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. రోజూ అక్కడ కూర్చునేదాన్ని, నాకే కొత్తగా ఉంది. మొదట వాగు. తర్వాత ఎండుటాకు ఒకటి నీళ్ళ మీద పడింది, పడిన చప్పుడు వినిపించింది. ముగ్గురు మగవాళ్ళు గీత వెనక నిలబడ్డారు, ఎవరూ చెప్పకుండానే టోపీలు తీసేశారు. అవతలి ఒడ్డున పిట్ట ఒకటి నెమ్మదిగా మొదలుపెట్టింది. డాక్టరు నా పక్కకొచ్చి గుసగుసగా, "నేనింత దూరం వచ్చేది దీనికేనమ్మా. కాల్చడానికి కాదు" అన్నాడు. లూథరుకి పిట్ట వినపడి ఉండదు, తన మిషను మరిచిపోయి వచ్చాడు.

ఆర్విల్ మాత్రం కింద పడున్న జెండా కేసి చూస్తున్నాడు. "వదినా, శనివారం ఇది ఎవరు పట్టుకుంటారు?" అన్నాడు.

పాలు పితికే వేళైందని చెప్పి నేను ఇంటికొచ్చేశాను. ఎందుకంటే అప్పటికే...

ఎందుకలా చూస్తున్నావు? ఆ కేకు ముక్క పట్టుకుని?

నీకు తెలుసు.

మొదట్నుంచీ తెలుసు కదూ నీకు. తెలిసే వచ్చావు. తెలిసే రెండు ముక్కలు తిన్నావు.

సరే విను. ఆ ఫోను చేసింది నేనే. సోమవారం పొద్దున, కాఫీ కూడా తాగకుండా, నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని. నేను కాదనలేనిది చట్టం కాదంటే సరిపోతుంది కదా అనుకున్నాను. ఆర్విల్ నన్నేమీ అనడు, చర్చిలో నా మాట పోదు, నా మడుగు నాకుంటుంది. మీ స్టేషనులో ఫోనెత్తిన పిల్ల పేరడిగింది. పేరు సంగతి ఆలోచించుకోలేదు నాయనా. కిటికీలోంచి ఏది కనబడితే ఆ పేరు చెప్పాను. అదిగో, కంచె మీంచి మెడ చాచి చూస్తోంది డోవీ. పాలు పితికే వేళ దాటిందని అరుస్తోంది. ఇంటిపేరు దానికి లేదు.

ఆ పిల్ల నా గొంతు గుర్తుపట్టిందా? చేతిరుమాలు పెట్టుకున్నా? ఏమందీ, ఫోను పెట్టేసే ముందు నేను దేవుడు నిన్ను దీవించుగాక అన్నానా? అంటాను. అలవాటు.

చాల్లే నవ్వింది, కేకు పొలమారుతుంది. ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది చెప్తాను. డోవీ ఫిర్యాదు వెనక్కి తీసుకుందని రాసుకో. సంతకం కావాలంటే వెళ్ళి దాని చేతే పెట్టించుకో. నా చేత పెట్టించుకున్నా సరే, తప్పుడు పేరు చెప్పినందుకు జడ్జి గారు ఏమన్నా అననీ. ఆర్విల్‌కి మాత్రం నేనే చెప్పుకుంటాను, నువ్వు తొందరపడకు. శనివారం నువ్వూ రా. మా పాత వాషింగ్ మిషన్ కొండ వాలున పెట్టిస్తున్నాను, ఎమ్మెట్ సాక్సుల్లో జతకొకటి తినేసేది, అదే. దాన్ని కూల్చేది చూద్దువుగాని.

కుర్చీ గీత వెనకాల వేయించుకుంటాను. జెండా నేనే పడతాను, ఇప్పుడే ఆర్విల్‌కి కబురు పెడతాను. నేను దించానంటే అంతమంది మగవాళ్ళూ, అన్ని తుపాకులూ ఒక్కసారి నోరు మూసుకోవాలి. పిట్ట కూసేదాకా ఎవరూ కిక్కురుమనకూడదు.

నాతో సహా. నాకు అనుమానమల్లా అక్కడే.