స్కూలు దగ్గరికి వద్దు

బస్తర్ కొండల్లోని ఒక ఫ్యాక్టరీలో యాసిడ్ ట్యాంకు పగిలింది. తెల్లటి పొగ కింది ఊరి వైపు కదులుతోంది. సేఫ్టీ ఆఫీసరు ఆ ఊరి సర్పంచికి ఫోన్ చేశాడు. ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"సర్పంచి గారున్నారా?"

"ఆయన పోయి రెండేండ్లాయె సారూ. నేను ఆయన భార్యను. ఏందీ?"

"అమ్మా, ఇక్కడ యాసిడ్ ట్యాంకు పగిలింది. ఆ పొగ పీలిస్తే ప్రాణాలకే ప్రమాదం. వెంటనే ఊరు ఖాళీ చేయించండి."

"అందుకేనా సైరన్ మోగింది? షిఫ్టుదనుకున్నం. ప్రమాదమొస్తే ఏం చెయ్యాల్నో మీరిచ్చిన కాగితంల స్కూలుకాడికి పొమ్మని ఉంది కదా, అందర్నీ అటే తోలుతా."

ఆ కాగితం రాసింది తనే. ఊరు ఒక్కసారైనా చూడకుండా రాశాడు.

"ఆగండమ్మా! స్కూలు పల్లంలో ఉందా?"

"వాగు ఒడ్డున. పిల్లలంత ఆడనే ఉన్నరు సారూ!"

"పొగ పల్లానికే దిగుతుంది. పిల్లల్ని తీసుకుని గుట్టెక్కండి. ముక్కుకు తడిగుడ్డ కట్టుకోండి. ఫోన్ పెట్టెయ్యకండి."

ఆమె పరుగెత్తుతూ గోండీలో అరుస్తోంది. ఒక్క మాటా అతనికి అర్థం కాలేదు. ఏడుపులు, దగ్గులు వినపడ్డాయి. చాలాసేపటికి మళ్లీ ఆమె గొంతు వచ్చింది.

"ఎక్కినం సారూ. పిల్లలందరున్నరు."

"ఇళ్లలో ఇంకెవరైనా మిగిలారా?"

"మా అత్త. మంచంల నుంచి లేవదు. అసొంటోళ్లకు మీ కాగితంల ఏం రాసిన్రు సారూ?"

అతను తన దగ్గరున్న ఆ కాగితాలన్నీ తిప్పాడు. లేవలేనివాళ్ల గురించి ఎక్కడా ఏమీ రాయలేదు.

"ఇల్లెక్కడో చెప్పండమ్మా," అంటూ మాస్కు అందుకున్నాడు. "జీపులో నేనే వస్తున్నాను."