ఒకే వైపు వాలిన పొర

పాలిమర్‌ను ఆవిరి చేసి గాజు పలకల మీద పొరగా ఎక్కించే ల్యాబు. మధ్యాహ్నం. మెషీన్ దగ్గర వదిన, మీటరు దగ్గర ఆడపడుచు. ఇద్దరూ పొద్దుటినుంచి ఏమీ తినలేదు, ఒకరినొకరు తినమనడం మాత్రం మానలేదు.

"ఇంకోసారి పెట్టి చూడు."

"చూశాను వదినా. నిలువుగా పెడితే కరెంటు పరుగెడుతోంది. అడ్డంగా పెడితే మొరాయిస్తోంది."

"మీ అన్నయ్య చేసిన పొరల్లాగే."

"అలాగే అనుకో."

"అనుకోవడమేంటి? ఉత్త గాజు మీద ఆవిరి పడితే అణువులు ఎటుపడితే అటు పడుకుంటాయి. ఆయన ముందే మఖమల్ గుడ్డతో గాజుని ఒకే వైపు రుద్దేవారు. రుద్దిన దారినే అన్నీ వాలేవి, కరెంటూ ఆ దారినే..."

"నాకే పాఠం చెప్తున్నావా?"

"ఆయన పోయాక నేను రుద్దలేదు. ఆ గుడ్డ ముట్టుకోవాలంటేనే చేతులు రావు. మరి ఎవరు రుద్దుతున్నట్టు?"

"ముందు నువ్వేదైనా తిను."

"అడిగినదానికి చెప్పు."

"రేపు ఈ మెషీన్ తీసేస్తున్నారు. నిన్ను కొత్త ల్యాబుకి రమ్మంటున్నారు. వెళ్లు వదినా."

"ఆయన్ని ఇక్కడ ఒంటరిగా వదిలేసా?"

"అన్నయ్య లేడు."

"ఉన్నారు. వారం వారం నీ మీటరే చెప్తోందిగా."

"చెప్పించింది నేను."

"ఏంటి?"

"నేనే రుద్దాను. నువ్వు గాజు పలకలు కడిగి ట్రేలో ఆరబెట్టి టీకి వెళ్లినప్పుడల్లా. అన్నయ్య పోయాక నువ్వు గోడకేసి చూస్తూ కూర్చునేదానివి. ఒకరోజు ఏం తోచక ఒక గాజు రుద్ది ట్రేలో పెట్టాను. పొర అలా వచ్చిందని ఆ రోజు రెండు ముద్దలు తిన్నావు. ఇక ఆపలేకపోయాను. తిట్టు, కొట్టు, కానీ రేపు ఇక్కణ్ణించి కదులు."

"నాకు తెలుసు."

"తెలుసా?"

"ట్రేలో మఖమల్ నూగు కనిపించింది. నా కోసమే కదా, పాపం, అని ఊరుకున్నాను. కోపమేం లేదు."

"తెలిసీ... మరి ఇవాళ ఈ పేచీ ఎందుకు పెట్టావు?"

"కొత్త ల్యాబుకి వెళ్దామనే అనుకున్నాను. వెళ్లేముందు మనసు కుదుటపరుచుకుందామని. నువ్వు రుద్దని గాజు మీద పొర ఎలా వస్తుందో చూసి, ఆయన లేరని ఒప్పుకుని, వెళ్లిపోదామని."

"మరి పెట్టి చూడు."

"చూశాం."

"ఎప్పుడు? ఇవాళ నేను ట్రేలో ఉన్నవన్నీ రుద్దాను."

"అవి ట్రేలోనే ఉన్నాయి, లెక్క చూసుకో."

"వదినా, ఇప్పుడు మీటరు మీద ఉన్నది ఏ గాజు?"

"నువ్వు రాకముందు చింపిన కొత్త ప్యాకెట్టులోది. పట్టకారుతో తీసి మెషీన్లో పెట్టాను, నా చెయ్యి కూడా తగల్లేదు."