హాజరుల లేని పేరు

"అవ్వా, ఎవలేం చెప్పినా 'నిజమా?' అని రెండు రెండు సార్లు అడుగుతవెందుకు?"

అడుగుతనా? అవునేమో. అయినా గా మాట అందరి నోట్లె ఉంటది గద బిడ్డా. కూరగాయలామె సుత 'నిజంగ అక్కా, నాకే గింత పడ్డది' అంటది. నాకు మాత్రం గా అలవాటు మీ తాత తోటి వచ్చింది.

మేము బొగ్గుబాయి పనికని ఖనికి వచ్చి రెండేండ్లు, కాదు కాదు, మూడేండ్లు. మీ నాయిన సంకల ఉన్నడు. గప్పుడు పావలకు ఇడ్లీలు కడుపు నిండ వచ్చేటియి. మీ తాత మొదటి షిఫ్టుకు పోయిండు. పగటీలి పక్క క్వార్టరామె ఉరికొచ్చి, "మీ ఆయినకు బాయిల దెబ్బ తాకిందట, దవాఖానకు తీస్కపోయిన్రట" అన్నది. పిల్లగాన్ని ఎత్తుకోని ఉరికిన.

దవాఖానల రాసుకునే ఆయిన "పేరేంది?" అన్నడు.

"మల్లయ్య."

పుస్తకం సూసిండు. "మల్లయ్య అనేటోళ్లు ఎవలు రాలేదమ్మా. పొద్దటి సంది ఒక్కడే వచ్చిండు, రాజం అని. కాలు నుజ్జయింది."

అబద్ధం ఎందుకు చెప్పాలె, నాకు సంబురమైంది. పాపం, ఎవల పెనిమిటో అనుకున్న. గా సంబురం యాదికొస్తె ఇప్పటికీ సిగ్గయితది.

మరి మా ఆయినేడి? బాయికాడికి నడిచిన. ఆడ హాజరు పుస్తకం తిరగేసి, "మా బాయిల మల్లయ్యనే లేడు" అన్నరు. రోజూ అన్నం డబ్బ కట్టిచ్చి తోలిన మనిషి లేడంటరేంది? ఆడనే మట్టిల కూసున్న.

గంతల మీ తాత తోటి పనిచేసే ఓదెలు బాయిలకెల్లి పైకొచ్చిండు. "వదినా, ఈడెందుకున్నవు? అన్న దవాఖానల ఉన్నడు. రాజం అని అడుగు."

"రాజం ఎవలు?"

"అన్ననే వదినా. నీకు చెప్పలేదా?"

రాజం అంటె మా ఊర్ల ఎవుసం చేసుకునే బావ, మీ తాతకు పెద్దనాయిన కొడుకు. ఓదెలు చెప్తెనే తెలిసింది, నౌకరి కాయితం ఆయిన పేరు మీదనే వచ్చిందట. ఒక్కరోజు దిగి, చీకటికి జడిసి, ఊరికి ఉరికిండట. గా కాయితం మీద, గదే పేరుతోటి మీ తాత పనికి ఎక్కిండు. నా లగ్గానికి ముందటి ముచ్చటది.

మల్ల దవాఖానకు పోయిన. కాలుకు కట్టు కట్టి పండవెట్టిన్రు. నన్ను సూసి "వచ్చినవా?" అన్నడు. నేను బాగున్నవా అని సుత అడగలే. "నీ పేరేంది?" అన్న. మొఖం గోడదిక్కు తిప్పుకున్నడు.

"మల్లయ్యనే. పిల్లగాని మీద ఒట్టు. చెప్తె భయపడ్తవని చెప్పలే."

వారం దినాలు దవాఖానకు పోయిన. అన్నం పెట్టిన, అంతే. కాలు కొంచెం కుంటి పడ్డది గని నడిచిండు, బాయిలకు దిగకుండ మీద పని ఇచ్చిన్రు. గప్పటి సంది ఆయిన ఏం చెప్పినా 'నిజమా?' అనుడే. "ఆఫీసుకు పోయి నిజం చెప్పు" అని కొట్లాడుదును. "చెప్తె నౌకరి పోతది, ఏం తింటమే?" అనేటోడు.

ఇగ మీ నాయినను బడిల ఏస్తానికి పోయిన. ఆయిన డ్యూటీల ఉన్నడు, నేనే పోయిన. "తండ్రి పేరు?" అన్నడు సారు. నౌకరి కాయితాలల్ల ఒకటుండి బడిల ఒకటుంటె, రేపు పిల్లగానికి ఏ అక్కరకు పనికొస్తది? సారు మల్లడిగిండు.

"రాజం" అన్న. నా నోటి తోటే అన్న.

ఇంటికొచ్చి పొయ్యి ముట్టిచ్చిన. మీ తాత వచ్చి "ఏమని రాయించినవు?" అంటె చెప్పిన. కాళ్లు కడుక్కోని వచ్చి నా పక్కన కూసున్నడు. ఆఫీసుకు పో అని నేను మల్లెన్నడు అనలే. గదే పేరు మీద రిటైరైండు.

నీకు గసొంటి అక్కర రావద్దు బిడ్డా. ఇంట్ల ఏ పేరుతోటి పిలుస్తమో, బయట సుత గదే పేరుతోటి నూరేండ్లు బతుకు.