ఆరు పేర్ల హోంవర్కు

లెక్కల టీచరమ్మ ఇంటి ముందుగది. గోడకి నల్లబల్ల, దానికెదురుగా వరసలు తీర్చిన నలభై ఒక్క ప్లాస్టిక్ కుర్చీలు. మనుషులు మాత్రం ఇద్దరే. ఒకరు ఆవిడ. రెండోవాడు ఒకప్పుడు ఆవిడ క్లాసులో చివరి బెంచీ, ఇప్పుడు బస్సు డ్రైవరు, ఎప్పటికీ ‘సున్నా’. ఆ పేరు పెట్టిన మహాతల్లి కూడా ఆవిడే.

“నీళ్ళు నమలకు. హోంవర్కు చేశావా లేదా?”

“చేశాను టీచర్. అంటే... చేసినట్టే.”

“చేసినట్టే ఏమిట్రా? రేపు పొద్దున పదింటికి కంపెనీ లాంచ్. ఇవాళ సాయంత్రం ఆరింటికల్లా పేర్లన్నీ సైటులో ఎక్కించాలి. మనిషికి ఆరు పేర్లు. మీ క్లాసు నలభై ఒక్కమంది. ఎన్నయింది?”

“రెండొందల నలభై ఆరు.”

“అబ్బో! టక్కున చెప్పావే!”

“ఆలస్యంగా వచ్చింది టీచర్ నాకు లెక్క. వచ్చాక పోవట్లేదు.”

“సంతోషం. కూర్చో. కాయితం ఇలా ఇవ్వు.”

“నిలబడతాను టీచర్, పర్లేదు. ముందు జవాబులు అప్పజెప్పనా? అవి బాగా వచ్చాయి.”

“కానీ మరి. నేను మీ పక్కింటాయన్ని అనుకో. ‘ఏవండీ, ఇది గొలుసు స్కీమే కదా?’”

“‘భలేవారే! మీ ఆఫీసులో పైన మేనేజరూ, కింద పదిమందీ ఉండరూ? ఇదీ అంతే. అక్కడ మీ జీతం వాళ్ళు నిర్ణయిస్తారు, ఇక్కడ మీరే నిర్ణయించుకుంటారు.’”

“అక్కడ నవ్వాలి.”

“నవ్వాను టీచర్.”

“పళ్ళు కనబడితే నవ్వు కాదురా. సరే. ‘ఇంతకీ మీరు అమ్మేదేమిటండీ?’”

“‘ఆన్‌లైన్ సభ్యత్వం.’”

“‘అది కొంటే నాకేమొస్తుంది?’”

“‘సభ్యత్వం అమ్మే హక్కు వస్తుంది.’”

“ఓరి దేవుడా!”

“తప్పా టీచర్?”

“తప్పని కాదు. అలా చెప్పకూడదు. ‘ఆర్థిక స్వేచ్ఛ’ అనాలి. రాయించాను కదా?”

“రాసుకున్నాను. నోరు తిరగలేదు.”

“నీకెప్పుడు తిరిగింది కనక! ‘మీకెంత వచ్చిందండీ ఇప్పటిదాకా?’”

“‘మొదటి నెలలోనే నాకు...’ టీచర్, లాంచే రేపు కదా. మొదటి నెల ఎక్కణ్ణించి వచ్చింది?”

“అది... రాబోయేదాన్ని వచ్చేసినట్టు చెప్పడం. నన్ను ఇందులో చేర్చిన పై లీడరు అలాగే చెప్పించమన్నాడు. నువ్వు చెప్పు.”

“‘మొదటి నెలలోనే నా జీతం కంటే ఎక్కువొచ్చిందండీ!’”

“బాగుంది.”

“ముప్పై ఏళ్ళకి మీ నోట ‘బాగుంది’ అనిపించుకున్నాను టీచర్. అదీ అబద్ధం చెప్పి.”

“వేషాలు చాలు. కాయితం.”

“ఇదిగోండి.”

“ఏదీ... ఏమిట్రా ఇది? తెల్లగా ఉంది!”

“పైన నా పేరు రాశాను టీచర్. పక్కన ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు కూడా వేశాను.”

“అంకెలెవడిక్కావాలి? అయిదు వారాలిచ్చాను! డిపోలో అంతమంది, ఇంటి చుట్టూ అంతమంది, ఆరుగురు దొరకలేదా నీకు?”

“రాద్దామనే కూర్చున్నాను. మొదట మా బావమరిది పేరు అనుకున్నాను. వాడు వెర్రిబాగులవాడు, నేనేం చెప్పినా నమ్ముతాడు. అందుకే రాయలేదు.”

“ఓరి నీ తెలివి తెల్లారా! నమ్మేవాళ్ళ పేర్లే కదరా రాయమన్నది?”

“అవును. ‘మీరు అడిగితే కాదనలేని ఆరుగురు’ అన్నారు. ఆ మాట దగ్గరే ఆగిపోయాను టీచర్. మమ్మల్ని కూడా మీరు అలాగే రాసుకున్నారు కదా అనిపించింది.”

“... ఆ ఫ్యాను పెంచు. ఉక్కగా ఉంది.”

“ఫుల్లులోనే ఉంది టీచర్.”

“అయితే సరే.”

“ఒక లెక్క చేశాను. చూస్తారా? తిట్టకూడదు మరి.”

“చెప్పి చావు.”

“నేనొక్కణ్ణి ఆరుగురిని తెచ్చాననుకోండి. వాళ్ళు తలా ఆరుగురు, ముప్పై ఆరు. మూడో మెట్టుకి రెండొందల పదహారు. నా బస్సులో యాభై సీట్లు, అంటే అయిదు బస్సులు. బాగానే ఉంది అనుకున్నా. అయిదో మెట్టుకి నూట యాభై ఆరు బస్సులు కావాల్సొచ్చాయి. మా డిపోలో ఉన్నవే ఎనభై, అందులో పది ఎప్పుడూ షెడ్డులోనే. పదమూడో మెట్టుకొచ్చేసరికి బస్సులు కాదు, మనుషులే చాల్లేదు టీచర్. పదమూడొందల ఆరు కోట్లు. భూమ్మీద అంతమంది లేరట. ఆఖర్న ఎక్కినవాళ్ళు టిక్కెట్టు కొనుక్కుని, రాని బస్సు కోసం స్టాపులో నిలబడ్డట్టే.”

“ఎవరు చెప్పారు నీకిదంతా?”

“మీరే. ఏడో తరగతిలో. ఘాతాలు అని. అప్పుడు ఎక్కలేదు బుర్రకి.”

“అలా లెక్కేస్తే లోకంలో ఏ వ్యాపారమూ నడవదు. నెగటివ్‌గా ఆలోచించేవాళ్ళు ఎప్పుడూ—”

“‘—కింది మెట్టు మీదే మిగిలిపోతారు.’ మూడో జవాబు. నాకూ వచ్చు టీచర్.”

“నోర్ముయ్! అందరూ నీలా ఏడవలేదు. మందుల షాపమ్మాయి రాసుంటుంది. టైలరు రాసుంటాడు. వాళ్ళ కాయితాలు రానీ, అప్పుడు చెప్తా నీ సంగతి.”

“వచ్చాయి టీచర్. ఈ సంచీలో ఉన్నాయి.”

“మరి ఇందాకట్నుంచి చెప్పవేం? ఇలా ఇవ్వు... ఇదేమిటి, ఇదీ ఖాళీయేనా? ఇదీ... ఇదీనా? టైలరుది కూడా? ఒరేయ్, ఎన్నిరా ఇవి?”

“నలభై. నాదాంతో కలిపి నలభై ఒకటి.”

“అందరూ కూడబలుక్కున్నారన్నమాట.”

“మొన్న నా బస్సులోనే కూర్చుని మాట్లాడుకున్నాం. డిపోలో, ఇంజను ఆపేసి. ఎవరొచ్చి చెప్పాలా అని అరగంట తన్నుకున్నారు. మీ చేత తిట్లు తినడం నాకలవాటే కదా అని నన్ను తోశారు.”

“మరి డబ్బు ఎందుకు కట్టార్రా? అందరూ కట్టారు కదా! ఒక్కడు కూడా మానలేదు!”

“మీరు అడిగారు కదా టీచర్. మా డబ్బు పోతే పోయిందిలే అనుకున్నాం. ఇంకొకరి పేరు రాయడానికే చెయ్యి రాలేదు.”

“మొదటి రోజే చెప్పి ఏడవచ్చు కదా!”

“బోర్డు మీద లెక్క నడుస్తుంటే మధ్యలో నోరెత్తితే వీపు చీరేస్తానన్నారు.”

“అది ఏడో తరగతిలోరా!”

“మీ దగ్గర మాకు వేరే తరగతి ఏది టీచర్?”

“... కూర్చోరా. అలా నిలబడితే నాకేదోలా ఉంది.”

“వద్దులెండి.”

“తెలిసిందా నీకు? ఈ కుర్చీల సంగతి?”

“తెలుసు. మీరు ఇవి కొన్న షాపు మన మూడో బెంచీ వాడిదే కదా.”

“మీరు కట్టినదాంట్లో నా వాటా వస్తే ఇవే కొన్నానురా. ఇంకేమీ కొనలేదు. మీరు కూర్చోవడానికే కొన్నాను. రిటైరయ్యాక మూడేళ్ళపాటు కరెంటు మీటరు చూసేవాడు తప్ప ఈ గదిలోకి మనిషన్నవాడు రాలేదు. ఆ లీడరు ‘మీకు తెలిసినవాళ్ళు ఎంతమంది మేడమ్’ అన్నాడు. మీ ఏడాది హాజరు పట్టీ తీసి పేర్లు పైకి చదివాను. ఒంటరిగా కూర్చుని. మీరంతా ‘ప్రెజెంట్ టీచర్’ అన్నట్టే అనిపించింది.”

“ఊరికే పిలిచినా వచ్చేవాళ్ళం కదా టీచర్.”

“ఊరికే ఏమని పిలవను? నేనేమన్నా ముద్దు చేసి చదువు చెప్పానా? చెవులు మెలిపెట్టి చెప్పాను. ఏ మొహం పెట్టుకుని పిలవను?”

“మా చెవులు బాగానే ఉన్నాయి టీచర్.”

“పోనీలే. నాకు తెలీక జరిగిందిరా. ఒట్టు. లెక్కల టీచర్నయ్యుండీ నాకు తట్టలేదు. లింకులు, మెట్లు, వజ్రం హోదా అని వాడు చెప్తుంటే వెర్రిదానిలా తలూపాను. రేపు అందరి ముందూ అదే చెప్తాను. మీతోపాటు నేనూ మోసపోయానని.”

“వాళ్ళూ అదే అనుకుంటున్నారు. ‘పాపం, టీచరమ్మకి తెలీదు’ అని.”

“పాపం అన్నారా?”

“అన్నారు. మందుల షాపమ్మాయైతే ఏడ్చింది కూడా.”

“సరే. ఇంక వెళ్ళు. ఈ సంచీ తీసుకుపో.”

“తీసుకుపోతాను. నా కాయితం మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి టీచర్. వాళ్ళెవరికీ చూపించలేదు.”

“ఖాళీ కాయితం నాకెందుకురా?”

“వెనక్కి తిప్పండి. మొదటి ఆదివారం మీరు పంచిందే. ఎప్పట్లాగే, ఒకపక్క వాడేసిన కాయితాలు దాచి రెండో పక్క రాసుకోమని మాకిచ్చారు.”

టీచరమ్మ కాయితం తిప్పింది.

“ఆరు, ముప్పై ఆరు, రెండొందల పదహారు... పదమూడో మెట్టు దాకా మీ చేతిరాతే టీచర్. బస్సులు లెక్కపెట్టింది నేనే కానీ, మెట్లు మీవి. సరిచూశాను, ఒక్క అంకె కూడా తప్పు పోలేదు. కింద ఎర్రసిరాతో రైటు కూడా కొట్టుకున్నారు.”

“ఇదా... ఇది వేరే లెక్కరా. పాత ట్యూషన్ పిల్లలకెప్పుడో—”

“పైన కుడివైపు మూల చూడండి. తేదీ వెయ్యని లెక్కకి మార్కుల్లేవు అనేవారు కదా. మీరు వేశారు. ఈ ఏడే, పన్నెండో తారీఖు. మీ ఫోనొచ్చింది అదే నెల పద్నాలుగున. మా పాప పుట్టినరోజు, కేకు కోస్తుంటే మోగింది. అందుకే గుర్తు.”

టీచరమ్మ తేదీ మీద వేలు పెట్టింది.

“టీచర్? మంచినీళ్ళు తేనా?”

“ఎప్పుడు చూశావు?”

“మీరిచ్చిన రోజే. ఇంటికెళ్తూ.”

“అంటే డబ్బు కట్టకముందే.”

“అవును టీచర్.”

“చూసి కూడా కట్టావా?”

“కట్టకపోతే ఎందుకు కట్టలేదురా అని నిలదీస్తారు. అప్పుడు ఇది చూపించాల్సొస్తుంది. చూపించడానికి నాకు సిగ్గేసింది.”

“సిగ్గు నీకెందుకురా... నీకెందుకు?”

“ఏమో టీచర్. చింపెయ్యనా? ఇప్పుడే చింపేస్తాను. మీకూ నాకూ తప్ప మూడోవాళ్ళకి తెలీదు. మీరు తెలీదనే చెప్పండి, నేనూ అలాగే తలూపుతాను.”

“వద్దు. ముట్టుకోకు దాన్ని. ఆ సుద్దముక్క ఇలా అందుకో. రేపు పదింటికి అందర్నీ రమ్మను, లాంచ్ అనే చెప్పు. ఆ లీడరు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తను. ఈ లెక్క బోర్డు మీద మళ్ళీ వేస్తాను, మొదటి మెట్టు నుంచి.”

“తేదీ ఒక్కటీ వదిలెయ్యండి టీచర్. అదెందుకిప్పుడు?”

“తేదీ వెయ్యకపోతే ఎన్ని మార్కులురా?”

“... సున్నా, టీచర్.”

“మరి? ఇన్నేళ్ళూ నీకు సున్నాలు వేశాను. తేదీ దాస్తే నాకు నేను వేసుకోవద్దూ?”

“అయినా మీరు భయపడకండి. వాళ్ళెవరూ మిమ్మల్ని ఒక్క మాట కూడా అనరు. అలాగే తలొంచుకుని కూర్చుంటారు.”

“అదేరా నా భయం.”