శివారు వంతు

హలో… ఆ, నేనే. హజరా అక్కని… నేనేరా వర్యామూ! అరిచీ అరిచీ గొంతు పోయింది. పొద్దుటి నుంచి చేస్తున్నా, ఇప్పటికి కలిసింది. ఎక్కడున్నావు?

…చేలోనా?

…తెలుసు, ఇవాళ నీళ్ళ వంతు నీదే. పార కింద పడేసి నేను చెప్పేది విను—

…వినరా ముందు! గట్టు పేల్చేశారు. ఆనకట్ట పైన, మన వైపు నది గట్టు. తెల్లారకుండానే మందు పెట్టి పేల్చేశారు. నది ఇటు తిరిగింది.

…నవ్వెందుకొస్తోందిరా నీకు?

…ఆ చప్పుడు పెళ్ళి మందుగుండనుకున్నావా? ఈ ముసురులో పెళ్ళెవడు చేసుకుంటాడ్రా, వెర్రి నాగన్నా!

…అవతల ఒడ్డున పట్నం ఉంది. అది మునగకూడదంట. ఆనకట్ట కొట్టుకుపోకూడదంట. మనం మునిగితే ఎవడికేం? పెద్ద పెద్దవాళ్ళు జీపుల్లో వచ్చారు, మ్యాపు పరిచారు, ఇక్కడ అని వేలు పెట్టారు. అయిపోయింది.

…మేమా? పెద్దకాలువ గట్టు మీద ఉన్నాం, ఊరంతా. మంచాలూ మేకలూ కోళ్ళ గంపలూ… మా ఇల్లు— వద్దులే. నా ఇంటి సంగతి ఇప్పుడడక్కు. సకీనానీ పిల్లనీ తీసుకుని రైలు కట్ట ఎక్కు. ఇప్పుడే, ఈ క్షణమే.

…ఏంటీ? మళ్ళీ అను.

…మీ బావ నేర్పి మాట్లాడిస్తున్నాడంటావా నాతో? నీ నోరు— వద్దు. ఇవాళ తిట్టను నిన్ను.

…నాకూ గుర్తుందిరా. అమ్మ పోయిన ఏడు. మసీదు మైకులో వరదొస్తోందని అబద్ధం చెప్పించాడు మా ఊరి పెద్ద. మీరంతా మంచాలు నెత్తిన పెట్టుకుని రైలు కట్ట ఎక్కారు. దిగొచ్చేసరికి వరదా లేదు, మీ వంతూ లేదు. మీ నీళ్ళు మా ఊరి చెరకులోకి పోయాయి. నీ పత్తి నిలువునా మాడింది. నేను కాదన్నానా ఏనాడైనా? కానీ ఆ పెద్దమనిషే ఇవాళ నా పక్కన గట్టు మీద కూచుని ఆడదానిలా ఏడుస్తున్నాడు. ఇదిగో, వినిపిస్తోందా?

…నాటకమా? కొడుకు కనపడక ఏడుస్తున్నాడురా ఆయన!

…ఖురాన్ మీద ఒట్టు. అమ్మ సమాధి మీద ఒట్టు. ఇంకేం కావాలి నీకు?

…పోనీ మీ బావతో మాట్లాడు. ఇదిగో, ఇస్తున్నా—

…మాట్లాడవు. మంచిది. కుండమార్పిడి పెళ్ళిళ్ళు చేస్తే రెండిళ్ళూ ఒకటవుతాయనుకుంది పిచ్చి అమ్మ. నీళ్ళ దగ్గరికొచ్చేసరికి నువ్వు కాలువ శివారువాడివి, ఆయన ఎగువవాడు. నీ ఇంట్లో ఉన్నది ఆయన చెల్లెలేగా? పొద్దుటి నుంచి సకీనా, సకీనా అంటూ గట్టు మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. మెతుకు ముట్టలేదు.

…ఏంటి, కాలువ నిండుగా వస్తోందా?

…గట్లు ఒరుసుకునా… ఆ. సంతోషంగానే ఉంటుంది. ఎన్నాళ్ళకి చూశావో నాకు తెలియదా? బోరు నీళ్ళు పోసి పోసి నేలంతా ఉప్పు పేరింది, అదీ తెలుసు. కానీ ఆ నీళ్ళు ఎందుకొస్తున్నాయో ఆలోచించావా?

…అల్లా దయ కాదురా! ఎగువ ఒక్క మనిషి లేడు. అందరూ తూములు మూసేసి పారిపోయారు. వాడుకునేవాడు లేక నీ దాకా వచ్చాయి ఆ నీళ్ళు. మా ఊరివాళ్ళు నీకు ఊరికే నీళ్ళొదిలే రకమా? మేమెలాంటివాళ్ళమో నీకు తెలియదా?



…హమ్మయ్య. ఇప్పటికి ఎక్కింది బుర్రకి. పక్కన ఎవరున్నారు?

…మునీరా రొట్టెలు తెచ్చిందా? ఫోన్ దానికివ్వు. ఇవ్వరా!

మునీరా, అత్తనమ్మా… ఏడవకు. పరిగెత్తి ఇంటికెళ్ళు. అమ్మని ట్రాక్టరెక్కించు… సామానొద్దు, ఏమీ వద్దు. గేదెల్ని విప్పి వదిలెయ్, వాటి తిప్పలవి పడతాయి… నువ్వు నడపగలవా?

…నాన్న నేర్పాడా? మంచి పని చేశాడు. రైలు కట్టకి పో. దగ్గర దారి కదా అని పాత ఏటి పల్లంలోంచి మాత్రం పోకు. చుట్టైనా సరే, బడి మీదుగా పో… రొట్టెలు అక్కడే పడెయ్— సరే, తీసుకెళ్ళు. పో తల్లీ, పో!

వర్యామూ… వెళ్ళిందా?

…మరి నువ్వు?

…ఒక్క మడి తడిపి వస్తావా! ఒరేయ్, నీ కాళ్ళకి దణ్ణం పెడతాను, కదులు అక్కణ్ణుంచి.

…ఏ మడి? అమ్మ సమాధి పక్కదా?

…ఒక్కసారి మంచినీళ్ళతో కడిగితే ఆ ఉప్పు పోతుందంటావు. ఏ ఉప్పురా! రేపటికి నేలే కనపడదు.

…ఇది మన తాత నేలా? తాతని జలంధర్ నుంచి తెచ్చి, తెల్లదొర స్కేలు పెట్టి గళ్ళు గీసి ఇందులో ఒక గడి ఇచ్చాడు. ఊరికి పేరు పెట్టే ఓపిక కూడా లేదు వాడికి, నెంబరు పడేశాడు. ఇక్కడ ఒంటెలు మేపుకునేవాళ్ళు తాతకి చెప్పలేదా? ఇది నది పడుకున్న చోటు, ఎప్పుడో లేస్తుంది, ఇక్కడ ఇల్లు కట్టకు అని? తాత నవ్వాడు. నాన్న ఆ మాట చెప్పి చెప్పి నవ్వేవాడు. ఇందాక నువ్వూ నవ్వావు.

వాళ్ళ మనవలేగా నీ చేను పక్క గుడిసెల్లో ఉంటారు? ఉన్నారేమో చూడు ఇవాళ.

…నిన్ననే పోయారా? ఎవరూ చెప్పకుండానే?

…నిజమే, వాళ్ళకి వదల్లేని చేను లేదు. నీకుంది. దాని కోసం చస్తావా?

…సరే. సరే, అరవకు. ఆ మడిలోకి నీళ్ళొదిలే మడవ ఒక్కటి తెంచి వచ్చెయ్. కానీ ఫోన్ పెట్టకు. చెవి దగ్గరే ఉంచు, నేను మాట్లాడుతూనే ఉంటా… చిన్నప్పుడు ఆ మడిలోనే కదరా, నిన్ను చంకనేసుకుని నేను పుచ్చకాయలు దొంగిలించింది? నువ్వేమో నాన్నని చూడగానే అంతా చెప్పేశావు, చాడీకోరు వెధవా… వర్యామూ? తెంచావా?

…తెంచలేదా? మరి వచ్చెయ్.

…ఏంటి?

…మడవ తెంచకుండానే నిండుతోందా?

వర్యామూ. ఎటు నుంచి వస్తున్నాయి నీళ్ళు?

…కాలువ నీకు పడమట కదరా. ఎటు నుంచి వస్తున్నాయి?

…తూర్పు నుంచా.

…తాగి చూశావా? దోసిట పట్టి…

…తియ్యగానే ఉంటాయిరా తమ్ముడూ. నది నీళ్ళు కదా. పాత ఏటి పల్లంలోంచి వస్తోంది అది. పార వదిలెయ్, పరిగెత్తు!

…ఎంత లోతు? …మోకాలి దాకానా? ట్రాక్టర్ ఎక్కడుంది, కనపడుతోందా నీకు?

…బడి దాటిందా? …ఆ, చెప్పు… ఎక్కిందా? కట్ట ఎక్కిందా? అల్లా! ఏవండీ, సకీనా కట్ట ఎక్కిందంట! ఇద్దరూ ఎక్కారంట!

నువ్వు? నువ్వెక్కడిదాకా వచ్చావు?

…కాళ్ళు ఆనడం లేదా? వెనక్కి పో అయితే. అమ్మ దగ్గరికి పో. సమాధి ఎత్తుగా కట్టాం కదా, దాని మీదికెక్కు.

…ఏంటి ఎక్కలేనంటావు! తప్పు కాదురా. తొక్కొచ్చు. అమ్మేమీ అనుకోదు, నేను చెబుతున్నాగా. పెద్దదాన్ని, నా మాట విను. ఎక్కు!

…ఏం చేస్తున్నావు?

…చెప్పులు విప్పుతున్నావా? ఇప్పుడా? నా బంగారు తండ్రీ, చెప్పులతోనే ఎక్కరా… ఎక్కావా?

వర్యామూ?

…ఎక్కావా నాన్నా?

లేదండీ, కట్ అవలేదు. చూడండి, నడుస్తూనే ఉంది… చప్పుడొస్తోంది… నీళ్ళ చప్పుడు… ఉష్, ఎవరూ మాట్లాడకండి… వర్యామూ, అక్కనిరా, ఇక్కడే ఉన్నా, ఒక్క మాట అను—

…

ఫోన్ ఆగిపోయింది.