ఎర్ర గీత పడని తప్పు

కాదక్కా, నువ్వే చెప్పు, మాటలకేం కరువొచ్చిందని ఆ ఇంగ్లీషు వాళ్లు రెండు జబ్బులకి ఒకటే పేరు పెట్టి, మధ్యలో ఒక్క అక్షరం మార్చి ఊరుకున్నారు? మనుషుల ప్రాణాల దగ్గర వాడే మాటలు కదా, కాస్త ఎడంగా పెట్టుకోవద్దూ!

తలుపు వెయ్యకక్కా... వెయ్యకు. లోపలికి రాను. ఇక్కడే నించుని చెప్పేసి పోతా.

ఆ మాట ఎత్తితేనే నీకు ఒళ్లు మండుతుందని తెలుసు. డిస్ఫేజియా. మధ్యలో జీ ఉంటే మనిషి మింగలేడని. ఎస్ ఉంటే మాట్లాడలేడని. కాగితం మీద చూస్తే తేడా తెలుస్తుంది. చెవికేం తెలుస్తుంది? మన నోట్లో రెండూ ‘జ’నే కదా. డాక్టరు గారు రోగి సంగతి ఫోన్లో రికార్డు చేసి పంపిస్తారు, నేను ఆసుపత్రి కింద గదిలో చెవులకి తగిలించుకుని టైపు కొడతాను. అంతే కదా నా బతుకు.

అలాంటివి ఒకటా రెండా! ఇలియం అని ఉంది చూడు. మధ్యలో ఈ ఉంటే పేగు, ఐ ఉంటే తుంటి ఎముక. చేరిన కొత్తలో అన్నీ జంటలు జంటలుగా నోటుబుక్కులో రాసుకున్నా. నువ్వు చూసి ‘ఏంటే ఇవి, పెళ్లి సంబంధాలా?’ అని నవ్వావు. పన్నెండేళ్లు ఒకే బల్ల మీద డబ్బాలు విప్పుకుని తిన్నాం మనం.

ఈ జంట కూడా ఉందక్కా ఆ పుస్తకంలో. తెలియక చేశానని అనను.

ఆ రోజు షిఫ్టు మారే వేళ. ఆ దర్జీ ముసలాయన కాగితం కొట్టమని రికార్డు వచ్చింది. పక్షవాతంతో వారం పాటు ఐసీయూలో ఉన్నాడు, నీ వార్డుకి దింపుతున్నారు. డాక్టరు గారు మెట్లు దిగుతూ చెప్పినట్టున్నారు. ఆయాసం, బూట్ల చప్పుడు, ఆ చప్పుడు మధ్యలో ఈ మాట. మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నా. ఊహూ.

అడగొచ్చు కదా అంటావు. ముందు వారమే ఇంకో మాట కోసం ఫోన్ చేస్తే, స్పీకర్లో నలుగురూ వింటుండగా ‘ప్రతిదానికీ నన్నడిగితే నువ్వెందుకమ్మా అక్కడ?’ అన్నారు. ఈసారి ఫోన్ ఎత్తి మళ్లీ పెట్టేశా. మా నాన్నకి పక్షవాతం వచ్చినప్పుడు పోయింది మాటే. ఈయనకీ అదే అయ్యుంటుందిలే అనుకున్నా. ఎస్ కొట్టా.

తప్పు కొడితే కంప్యూటర్లో కింద ఎర్ర గీత పడుతుంది. రెండూ ఉన్న మాటలే కదా, ఇంక గీతెందుకు పడుతుంది?

ఐసీయూలో ఆయన మంచానికి ‘నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు’ అని అట్ట కట్టి ఉండేదట. మనిషిని కిందికి దింపారు, అట్ట పైనే ఉండిపోయింది. నీ చేతికి వచ్చింది నా కాగితం ఒక్కటే.

మర్నాడు భోజనాల దగ్గర నువ్వే చెప్పావు. ఎంత సంబరంగా చెప్పావు! ‘మాట రాదని రాశారే, పొద్దున్నే పెదవులు కదిపి నీళ్లు అన్నాడు! వాళ్లమ్మాయి “సిస్టర్, మా నాన్నకి మాటొచ్చింది” అని నా చేతులు పట్టుకుని ఏడ్చేసింది’ అన్నావు. గ్లాసుడు నీళ్లు నీ చేత్తోనే తాగించానన్నావు. కాస్త పొలమారిందిలే, సాయంత్రం పాలు పడదాం అన్నావు.

ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది.

అప్పుడే... అవునక్కా, అప్పుడే అర్థమైంది. నోరు తెరిస్తే అయిపోయేది. ‘ఆగు, పాలు పట్టకు’ అంటే చాలు. ఖాయంగా తెలిశాక చెబుదాంలే అని కిందికి వెళ్లి ఆ రికార్డు మళ్లీ పెట్టుకుని కూర్చున్నా. నేను వింటూ ఉండగానే నువ్వు పాలు పట్టేశావు. చీకటి పడేసరికి జ్వరం. ఊపిరితిత్తుల్లోకి దిగిపోయిందన్నారు. నాలుగో రోజు పోయాడు.

అలా చూడకు.

విచారణలో నువ్వు నెత్తీ నోరూ కొట్టుకున్నావు. ‘కాగితంలో మాట రాదనే ఉంది, మింగలేడని లేదు’ అని. ఫైలు తెరిచారు. జీ ఉంది. అందరూ చూశారు. ‘సరిగ్గా చదవలేదని ఒప్పుకోవమ్మా, అబద్ధాలెందుకు?’ అన్నాడు సూపరింటెండెంటు. ఆ ముసలాయన కూతురు ‘నీ చేతులా నేను పట్టుకుని ఏడ్చాను!’ అంది. నువ్వు నా వైపు చూశావు. నేను కిటికీలోంచి బయటికి చూశా.

ఉద్యోగం తీసేశారు, అది సరే. నువ్వు కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లావట కదా. అద్దాలు మార్పించుకున్నావట. ‘నాకే ఏదో అయింది, లేని అక్షరం కనబడింది’ అంటున్నావని మీ చెల్లెలు చెప్పింది. అది విన్న దగ్గర్నుంచీ నాకు తిండి సయించట్లేదు.

నీ కళ్లకేం కాలేదక్కా. నువ్వు చదివింది ఎస్సే.

ఆయన పోయిన పూటే నేను కొత్త పేజీ కొట్టా. పాత తేదీ వేసి, ఒక్క అక్షరం మార్చి, డాక్టరు గారి ముందు పెట్టా. ఆయన తేదీ చూశారు. నన్ను చూశారు. ఒక్క ముక్క అడగలేదు, సంతకం పెట్టేశారు. ఫైల్లో అది పెట్టి, పాత పేజీ లాగి ముక్కముక్కలు చేసి నీళ్లలో నానబెట్టి పారేశా. ఎవరికీ ఏ ముక్కా దొరకదు.

ఎందుకు చేశానంటే ఏం చెప్పను? భయం. నీ మీదికి వస్తుందని తెలుసు. తెలిసే చేశా.

ఇదిగో, ఈ కవరు తీసుకో. జరిగిందంతా రాశా. టైపు కాదు, నా చేత్తోనే, ఇంగ్లీషు ముక్క లేకుండా. నువ్వే ఇచ్చి రావచ్చు కదా అంటావా? పొద్దున వెళ్లా. సూపరింటెండెంటు గది దాకా వెళ్లి, లోపల ఎవరో నవ్వుతుంటే విని వెనక్కి వచ్చేశా. నా వల్ల కాలేదు. నువ్వే పట్టుకెళ్లు.

ఒక్కటి మాత్రం ముందే చెప్తున్నా. రేపు వాళ్లు నన్ను పిలిచి అడిగితే, ఇది నేను రాయలేదు అంటానేమో. అనేస్తానక్కా. నా సంగతి నాకు తెలుసు. అందుకే సంతకం పక్కన వేలిముద్ర కూడా వేశా.