దొరగారి ఉత్తరం, నా ‘ఎస్’

“అమ్మమ్మా, భూములున్నవాళ్ళంతా ఒకటే జాతి. ఇంగ్లాండులో నువ్వు నర్సుగా చూసుకున్న ఆయన గురించి చెప్పు. రికార్డ్ చేస్తున్నా.”

చేసుకో. ఆ ఫోను కాస్త దూరంగా పెట్టవే తల్లీ. ఒకటే జాతంటావా... ఏమో. ఆయన పేరు నాకు నోరు తిరిగేది కాదు, దొరగారనేదాన్ని. అదేదో ఇండియా మర్యాదనుకుని మురిసిపోయేవాడు. మా నాన్న కూలికెళ్ళి చేతులు కట్టుకుని అనేవాడు ఆ మాట. ఈయనకేం తెలుసు?

ఆరొందల ఎకరాలు, చూసినంతమేరా గొర్రెలే. కౌన్సిల్లో ముప్పయ్యేళ్ళు మెంబరు, మన జిల్లా పరిషత్తు లాంటిదిలే. పార్లమెంటుకి రెండుసార్లు నిలబడి... కాదు, మూడుసార్లు. మూడుసార్లూ ఓడాడు. తన ఎన్నికల పోస్టరు ఎక్కడ తగిలించాడో తెలుసా? మరుగుదొడ్లో! మనోళ్ళయితే ఓడినా హాల్లో దండేసి పెట్టుకుంటారు. నవ్వకు, నిజం.

తుంటి విరిగితే నన్ను పెట్టుకున్నారు. టామ్ అని తోటమాలి, ఆ పొలంలోనే చిన్న ఇంట్లో నలభయ్యేళ్ళుగా ఉంటున్నాడు. ముసలాడైపోయాడు, ఇల్లు ఖాళీ చెయ్యమని దొరగారు ఉత్తరం రాసి, సంగతి చెప్పి మరీ నా చేతికిచ్చాడు, పోస్టులో వెయ్యమని. పిలిస్తే పలికే మనిషికి పోస్టులో!

ఇక్కడ అమెరికాలో, ఈ ప్లేనోలో మీ అమ్మ కారు తియ్యందే గడప దాటను గానీ, అక్కడ పోస్టుడబ్బా దాకా నడిచేదాన్నే. ఆరోజు ఒకటే వాన. ఉత్తరం కోటు జేబులో ఉండిపోయింది. అదేదో నా ధైర్యమని రాసేవు, కాదు. మర్నాడు అడిగాడు ఇంగ్లీషులో, “ఆ ఉత్తరం వెయ్యలేదు కదా?” అని. “ఎస్ సర్” అన్నా. మనకంతే కదా, అవునండీ, వెయ్యలేదు అని. వాళ్ళకి ఎస్ అంటే వేసేశానని. కళ్ళు మూసుకుని, “అయితే ఆలస్యమైపోయింది” అన్నాడు. అప్పుడు తెలిసింది, ఆపుదామని అడిగాడని.

“చెప్పొచ్చుగా, వెయ్యలేదని?”

చెప్పబోయా. దుప్పటి సర్ది బయటికొచ్చేశా. ఆ తర్వాత రెండ్రోజులకి టామ్ బఠానీలు పట్టుకొచ్చి, ఎప్పట్లాగే “మార్నింగ్ సర్” అన్నాడు. ఉత్తరం చదివి కూడా వచ్చాడనుకున్నాడు దొరగారు. తోటమాలి కోసం కుర్చీలోంచి లేవబోయాడే! కూర్చోమన్నాడు. ఇద్దరూ బఠానీలు వలిచారు. వలుస్తా వలుస్తా, “నువ్వున్నన్నాళ్ళూ ఆ ఇంట్లోనే ఉండు టామ్” అన్నాడు. టామ్ బిత్తరపోయి, “ఇంకెక్కడికెళ్తాను సర్?” అన్నాడు.

ఇంక నేను నోరెత్తలేదు. చెప్తే మళ్ళీ దొరైపోతాడనిపించింది.

“ఇల్లు హక్కు అమ్మమ్మా. ఎవరో జాలిపడి ఇచ్చేది కాదు.”

నిజమే. ఆ వాన పడకపోతే, నా నోరు జారకపోతే టామ్ ఏమయ్యేవాడో, కాదనను. అదే రాయి. ఉత్తరమా? నా బైబిల్లో ఉంది, విప్పలేదు. ఇద్దరూ పోయారుగా.

చల్లగా ఉండు తల్లీ. చేతులు కట్టుకుని ఎవర్నైనా దొరా అనే రోజు నీకు రాకూడదు, నిన్నెవరూ అలా అనకూడదు... ఆ ఫోను ఇంకా ఆపలేదా?

“ఎస్.”

ఎవరి ఎస్సే అది, మనదా, వాళ్ళదా?